కర్పూరం ఆర్పని రాయప్ప

మోకాలి మీద స్పిరిట్ దూది చల్లగా తగలగానే ఆ ఘాటు ముక్కుకెక్కింది. బెంగళూరులో ఎముకల డాక్టరు గది. సూది వేయబోతున్న డాక్టరు నా కొడుకు వయసువాడు. "ఒకప్పుడు ఆటలేమైనా ఆడేవారా సార్?" అని అడిగాడు. "కబడ్డీ" అన్నాను, అంతకు మించి చెప్పలేదు. ఆ వాసనలో నాకు కనబడింది మాత్రం నా మోకాలు కాదు. ఎర్రమట్టి అంటుకొని కుండలా ఉబ్బిన ఇంకొకరి మోకాలు. కర్ణాటకలోని పావగడ తాలూకాలో, మంగళవాడ దారిలో ఉన్న మా ఊరి వేరుశనగ కాయల మిల్లు వెనక మైదానంలో, దాన్ని రెండు చేతులా పట్టుకొని కూర్చున్న హనుమంతరాయప్ప. మేమంతా రాయప్పన్న అనేవాళ్ళం. వాదించడం నాకు హేతువాద సభల్లో, పుస్తకాల్లో వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ మైదానంలో వచ్చింది.

అవి ఏటేటా వాన మోసం చేసిన రోజులు. వేరుశనగ విత్తడం, పూత మీద ఎండిపోవడం, మిగిలిన ఎండుకట్టెను పశువులకు మేతగా వెయ్యడం, మళ్ళీ అప్పు చేసి విత్తడం. పడుచువాళ్ళు ఒక్కొక్కరే బెంగళూరుకు కట్టడం పనులకు పోయారు. కబడ్డీ జట్టులో మిగిలింది పెళ్ళాం బిడ్డలున్న ముప్పై ఏళ్ళవాళ్ళు, పీయూసీ ముగించి పని దొరకని నేను. రాయప్పన్న మాకు నాయకుడు. మిల్లులో మూటలు మోసే పని. నలభై దాటింది. ఆ వయసులో మా వైపు మగవాళ్ళు అరుగుల మీద కూర్చొని ఆట చూస్తారు, ఆడరు. ఆయన మాత్రం గీత దాటి కూతకు పోతే అవతలివాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు.

ఆయనకొక ప్రశ్న ఉండేది. ఎవరు ఏ కబురు తెచ్చినా మెల్లగా అడిగేవాడు: "నువ్వు చూసినావా?" చూశానంటే, "ఎంత దూరం నుంచి?" లేదంటే, "ఐతే చూసినోణ్ణి పిల్చకరా." ఈ ఆఖరి మాటతో సగం కబుర్లు అక్కడే చచ్చేవి. ఒకసారి పందెం పొద్దున మా గీత మీద కుంకుమ పూసిన నిమ్మకాయ కనబడింది. జట్టంతా బిగుసుకుపోయింది. అవతలివాళ్ళు మంత్రించి పెట్టారన్నారు, ఈరోజు కాళ్ళు పడిపోతాయన్నారు. రాయప్పన్న దాన్ని తీసి, కుంకుమ పంచెకు తుడిచి, పళ్ళతో కొరికి చెంబు నీళ్ళలో పిండాడు.

"ఉప్పు ఉండాదేమప్పా ఎవరికాడన్నా?"

"అన్నా, వద్దన్నా! రగతం కక్కుకుంటావు!"

"కక్కుకుంటే చూసినోళ్ళు మీరుంటారు గదా. ఇన్నాళ్ళకి మీకూ ఒక సాక్ష్యం దొరుకుతాది." గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "పుల్లగుండాది. మంత్రానికి రుచి లేదప్పా, చక్కెరన్నా ఏసిండాల్సింది."

ఆ రోజు మేం గెలిచాం. గెలిచినందుకు నిమ్మకాయ పని చెయ్యలేదని నేను గంతులేస్తుంటే ఆయన నన్నూ వదల్లేదు. "ఓడిపోయింటే పని చేసినట్లా? గెలుపుకీ దానికీ యాడిది సంబంధం?" అన్నాడు. గెలిచిన పూట కూడా తన పక్షపు తప్పు వాదాన్ని ఒప్పుకోని మనిషిని నేను మొదటిసారి చూశాను. ఆ తర్వాత ఎన్నో వేదికలెక్కాను గాని, అలాంటివాళ్ళు ఎక్కువమంది తారసపడలేదు.

తర్వాత ఆయన మోకాలు పాడైంది. ఒక ఏడాది కుంటుతూనే ఆడాడు. ఇక అయిపోయిందని అందరూ అనుకుంటున్నప్పుడు ఉన్నట్టుండి ఆట తిరిగి వచ్చింది. రెండేళ్ళపాటు ఇరవై ఏళ్ళవాడిలా ఎగిరాడు. మనిషి ఒళ్ళు చేశాడు, ముఖం గుండ్రంగా నిండింది. కరువులో, అందరి బుగ్గలూ పీక్కుపోయిన ఊళ్ళో, ఒక్కడి ముఖం నిండితే ఊరుకుంటారా? టీ అంగడిలో మాట మొదలైంది.

"గుర్రాలకేసే సూది ఉంటాదంటప్పా. అది ఏయించుకుంటాండాడు."

"మరి సకిలించడేం?"

"కూత పెడతాడు గదా, అదే సకిలింపు!"

నవ్వులు. ఆ నవ్వు పొరుగూళ్ళకు పాకింది. పట్నాల్లో పెద్ద ఆటగాళ్ళు కండ పెంచే మందులు వాడి పట్టుబడుతున్నారని రేడియో చెబుతున్న కాలం. రేడియోలో విన్నది ఊరికి అన్వయించుకోవడం మనవాళ్ళకు తేలిక. సైకిల్ మీద సంచి తగిలించుకొని ఊరూరూ తిరిగే సూదిమందు డాక్టరు ఒకడుండేవాడు. అతని సైకిల్ రాయప్పన్న వాకిట్లో ఆగడం చూశామన్నారు. అది నేనూ చూశాను. లోపల ఏం జరిగిందో నేను చూడలేదు, వాళ్ళూ చూడలేదు.

మా ఊళ్ళోనే జరిగిన పందెంలో ఫైనల్‌కు ముందురోజు అది రచ్చకెక్కింది. అవతలిది పక్క తాలూకా జట్టు. వాళ్ళ మేటి ఆటగాడు గంగాధర, ఎద్దు మూపురం లాంటి భుజాలవాడు. మందు తిన్న మనిషితో ఆడేది లేదని వాళ్ళు మొండికేశారు. ముందు మీ గంగాధర భుజాల సంగతి చెప్పండని మావాళ్ళు ఎదురుతిరిగారు. ఊరి పెద్ద సంజీవప్ప తీర్పు చెప్పాడు: ఇద్దరూ ఆంజనేయస్వామి ముందర కర్పూరం ఆర్పాలి.

మా వైపు ఇది అన్ని తగవులకూ ఆఖరి మందు. దొంగతనమైనా, గట్టు జరిపినా, ఆడమనిషి మీద నింద పడినా ఇదే. దేవుడి ముందు కర్పూరం వెలిగిస్తారు. నేనే తప్పూ ఎరగనని చెప్పి దాన్ని అరచేత్తో ఆర్పాలి. అబద్ధమాడితే వంశం నాశనమవుతుంది. ఆర్పితే కేసు కొట్టేసినట్టే, ఇక ఎవరూ నోరెత్తకూడదు. చెయ్యి కాలేది ఒక్క క్షణం, మాసిపోయేది బతుకంతటి మరక. ఇంత చవకైన న్యాయస్థానం ఇంకెక్కడుంది?

మధ్యాహ్నం ఎండలో గుడి ముందు రెండు జట్లూ ఊరూ చేరాయి. గంగాధర ముందుకొచ్చి, తలమీదుగా నీళ్ళు పోసుకొని, గట్టిగా స్వామి పేరు చెప్పి చటుక్కున ఆర్పాడు. ఈలలు వేశారు. సంజీవప్ప రెండో బిళ్ళ వెలిగించి రాయప్పన్న వైపు చూశాడు.

"రాప్పా రాయప్పా. ఆ సామి పేరే పెట్టుకున్నోడివి. ఆర్పేసి పోయి ఆడుకో."

రాయప్పన్న కదల్లేదు. "నేను ఆర్పను."

"ఏంది?"

"నా ఒంట్లో ఏముండాదో కర్పూరానికెట్ల తెలుస్తాది సంజీవప్పా? ఆస్పత్రికి పట్టకపోండి. రగతం తీసి చూడమను. యాడికైనా వస్తాను."

"తప్పు చేయనోడికి భయమెందుకుంటాది?"

"భయం కాదప్పా. ఇది తప్పు తక్కెడ. దీంట్లో నన్ను తూకమేసుకోను."

మాటలు జరుగుతుండగానే కర్పూరం తనంతట తాను కాలిపోయి, పళ్ళెంలో నల్లటి చుక్కగా మిగిలింది. ఆ చుక్కే తీర్పైపోయింది. ఆయన్ను జట్టులోంచి తీసేశారు. మరునాడు మేం ఓడిపోయాం. ఆ ఓటమి కూడా ఆయన లెక్కలోనే వేశారు. ఏళ్ళ తర్వాత పావగడ బస్టాండులో గంగాధర కలిసి, టీ తాగుతూ తనే నవ్వుతూ చెప్పాడు: "అప్పుడు నేను ఏయించుకోని మందు లేదప్పా. కర్పూరానిదేముంది, చెయ్యి తడిగా ఉంటే సుర్రుమనదు." అతని వంశానికేమీ కాలేదు. పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు. సంతోషమే. పిల్లలేం చేశారు?

గుడి ముందు తగవైన వారానికే రాయప్పన్నా నేనూ బస్సెక్కి పావగడలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రక్తం పరీక్ష చేసి మందు ఉందో లేదో రాసిమ్మన్నాం. ఆయన మమ్మల్ని వింతగా చూశాడు. అలాంటి పరీక్షలు దేశానికాడే వాళ్ళకు చేస్తారనీ, ఆ యంత్రాలు ఇక్కడుండవనీ, మూటలు మోసేవాడి కబడ్డీకి ఎవరూ చెయ్యరనీ నెమ్మదిగానే చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రాయప్పన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు పక్కలా బీళ్ళు. "ఐతే మనకు కర్పూరమే గతి అన్నమాట" అన్నాడు.

ఊరు ఆయన్ను వెలివెయ్యలేదు. అంతకన్నా నాజూకైన పని చేసింది. ఆయన వస్తే మాట మార్చేది. ఆయన భార్య నరసమ్మక్క ఒకసారి నా ముందే ఏడ్చింది. "అబద్దమో నిజమో, ఒక్కసారి ఆర్పేసి రారాదా? బోరింగు కాడ బిందె పెట్టాలంటే సిగ్గయితాండాది." ఆయన తానే బిందె తీసుకొని బోరింగుకు వెళ్ళాడు. ఆడవాళ్ళ వరసలో మగవాడు నిలబడితే నవ్వుతారని ఆయనకు తెలుసు.

నాకు రక్తం మండింది. అంతకుముందు అనంతపురం వైపు మేనమామ ఇంట్లో ఉండగా తెలుగు రాయడం నేర్చుకున్నాను. అక్కడి ఒక చిన్న పత్రికకు వ్యాసం రాశాను. నా మొదటి వ్యాసం. కర్పూరాన్నీ, సంజీవప్పనూ, ఊరినీ చెరిగేశాను. రాయప్పన్నది కన్నడ బడి చదువు, తెలుగు అక్షరాలు రావు. చదివి వినిపిద్దామని ఒక పొద్దున మైదానానికి వెళ్ళాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. కాలి బొటనవేలితో గీత గీసుకొని, ఊపిరి బిగబట్టి, ఎవరూ లేని అవతలి సగంలోకి కూత పెడుతూ వెళ్తున్నాడు. చెయ్యి చాచి గాలిని తాకుతున్నాడు. వెనక్కి వస్తున్నాడు. ఆ మోకాలు మళ్ళీ ఉబ్బింది. సైకిల్ డాక్టరు అప్పటికే ఊరొదిలి ఎటో వెళ్ళిపోయాడు.

వ్యాసమంతా విన్నాడు. "బాగుండాది. ఆ ఒక్క మాట తీసెయ్. 'రాయప్ప ఏ మందూ వాడలేదు' అని ఎట్ల రాసినావు?"

"వాడలేదు కాబట్టి."

"నువ్వు చూసినావా?"

"నువ్వే చెప్పన్నా. నువ్వు లేదంటే నాకు చాలు."

ఆయన నవ్వలేదు. "కర్పూరం తీసేసి ఆడ నన్ను పెట్టుకుంటివి. ఇంకేం మారినట్లు?"

ఆయన మోకాలు పట్టుకొని కింద కూర్చున్నాడు.

"సూదులు ఏయించుకునింది నిజమప్పా. నొప్పి పోతాదన్నాడు, ఏయించుకుంటి. సీసాలో ఏముండాదో ఆయప్ప చెప్పలే, నేనడగలే. ఊళ్ళో అందర్నీ అడిగేవాణ్ణి, దాన్ని మాత్రం అడగలే. కాలు లేస్తాండాది గదా అని గమ్మునుంటి. ఆ రెండేండ్ల ఆట నాదో, ఆ సీసాదో నాకే తెలీదు. తెలీనిదానికి అవునన్నా అబద్దమే, కాదన్నా అబద్దమే. ఏమని చెప్పి ఆర్పేది?"

"ఇదే మాట గుడి ముందు చెప్పుండొచ్చు కదన్నా?"

"సూది అనే మాట కాడ్నే వాళ్ళ చెవులు మూసుకుంటాయి. నీయి ఇంకా తెర్సే ఉండాయి కాబట్టి చెప్తి."

ఆ వాక్యం కొట్టేశాను. 'రుజువు కాలేదు' అని రాశాను. నా అక్షరాల్లో నేను మొదట నేర్చిన మర్యాద అది. వ్యాసం అచ్చయింది. మా ఊళ్ళో తెలుగు చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గంత మంది. ఒక్క మనసూ మారలేదు. ఆయన మరి ఏ జట్టులోనూ ఆడలేదు. ఆయన పోయినప్పుడు నేను బెంగళూరులో ఉన్నాను. కబురు ఆలస్యంగా అందింది.

ఇవాళ సూది దించే ముందు సీసాలో ఏముందని అడిగాను. డాక్టరు పేరు చెప్పి సీసా చూపించాడు. వాపు తగ్గించే మందు అన్నాడు. ఎక్కువగా వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుందట. కండ పెంచే మందు పూర్తిగా వేరట. ముఖం ఉబ్బుతుందన్న మాట దగ్గర రాయప్పన్న నిండు ముఖం గుర్తొచ్చింది. 'అన్నా, నువ్వు గెలిచావు' అని కేక వేయాలనిపించింది. కానీ ఆ పాత ప్రశ్న అడ్డం పడింది. ఆయన వాకిట్లో ఆగిన సంచిలోది ఈ సీసాయేనా? నేను చూశానా? సభల్లో ఆయన కథ చెప్పినప్పుడల్లా చివర ఎవరో ఒకరు లేచి, "ఇంతకీ ఆయన నిర్దోషేనా?" అంటారు. తెలియదంటాను. హాలు చల్లబడుతుంది. నా పక్షంవాళ్ళు కూడా ముఖాలు తిప్పుకుంటారు. అవునంటే చప్పట్లు కొడతారని తెలిసీ ఆ మాట అనలేకపోవడమే ఆయన నాకిచ్చిన ఆస్తి. అది పట్టుకొని ఒంటరిగా వేదిక దిగడం అలవాటైంది.

క్లినిక్ మెట్లు దిగుతుంటే మోకాలు చాలా రోజుల తర్వాత చెప్పినట్టు వంగింది. పసివాడిలా సంతోషం వేసింది. మరుక్షణమే, ఈ నడక నాదా, సీసాదా అనిపించింది. నాకైతే కనీసం ఆ సీసా పేరు తెలుసు. కింద ఖాళీగా ఉన్న వాకిట్లో నిలబడి, కూతకు పోయే ముందు ఆయన పీల్చినట్టు, గుండె నిండా ఊపిరి పీల్చాను. కూత పెట్టలేదు. అవతల ఎవరూ లేరు.