ఆమె కాలికింది బ్రేకు

డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిణ్ణి ఊరంతా బ్రేకు మేడమ్ అంటారు. శిక్షణ కారులో ఆమె కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఏళ్లుగా దాని మీది ఆమె కాలు ఎన్ని గోడల్ని, ఎన్ని మేకల్ని కాపాడిందో లెక్కలేదు.

ఇంట్లోనూ అదే పని. కొడుకు మీదకి తండ్రి బెల్టు తీస్తే ఈవిడ అడ్డం పడేది. ఆయనకు కొట్టడం తప్ప తెలియదు, ఈవిడకు వెనకేసుకురావడం తప్ప తెలియదు. బడిలో తోటి పిల్లాడి ఫోను కొడుకు సంచిలో దొరికితే, "నేనే కొనిచ్చాను" అని హెడ్మాస్టరు ముందు నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడింది.

పదిహేనో ఏట వాడు కారు నేర్పమని ప్రాణం తీశాడు. సరేనని ఖాళీ మైదానంలో నేర్పింది. వాడు ఆలస్యం చేసిన ప్రతిసారీ తన వైపు బ్రేకు నొక్కేది. "నేనే ఆపానా అమ్మా?" అంటే "నువ్వేరా" అనేది. వాడి మొహం చిన్నబోతే చూసి తట్టుకోలేదు మరి ఆ తల్లి.

మొన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే ఫోను మోగింది.

"మేడమ్, ఇక్కడ సెంటర్లో మీ స్కూలు కారు స్తంభాన్ని గుద్దేసింది. కింద ఒక మనిషి..."

మిగతాది ఆమెకు వినబడలేదు. గోడ మేకుకు కారు తాళంచెవి లేదు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. మనిషి ఉన్నాడా, పోయాడా? ఉన్నవి రెండే వీధులు, ఎంతకీ తరగలేదు.

ఉన్నాడు. ఒక ముసలాయన సైకిలు పక్కన కూర్చుని, నెత్తురు కారే మోకాలు పట్టుకుని మూలుగుతున్నాడు. ఎవరో నీళ్లు తాగిస్తున్నారు. వెనకనుంచి గుద్దిందెవరో ఆయన చూడలేదు. కొడుకు కారు చాటున నక్కి ఉన్నాడు.

"బ్రేకు వేశానమ్మా," అన్నాడు. "ఎప్పుడూ ఆగేది కదా."

ఆమె చూపు కారులో తన వైపు బ్రేకు మీద పడింది. వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వే నడిపావని చెప్పమ్మా."

అంతలో కానిస్టేబులు వచ్చి పుస్తకం తెరిచాడు. "ఎవరు మేడమ్ నడిపింది?"

"నేనే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. స్టేషను, వాడి చదువు, మొగుడి బెల్టు, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఇప్పుడూ తనే కాసుకుంటే, ఇంకోసారి వాడి కారు కింద ఎవరు పడతారు? ఆ భయం ముందు తక్కినవన్నీ చిన్నవైపోయాయి.

"మావాడు," అంది. "వాడికి సరిగ్గా నేర్పనిది నేను. రెండూ రాసుకోండి."

వాడు చెయ్యి విదిలించుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"నీతోపాటు నేనూ వస్తాన్రా. నిన్నెవర్నీ కొట్టనివ్వను. అబద్ధం మాత్రం ఆడను."

ఆమె కాలు అలవాటుగా, బ్రేకు మీద ఉన్నట్టే, రోడ్డును గట్టిగా నొక్కుతోంది.