గురువుగారి రేకు టోపీ

సాక్చిలో నాకు ఫొటోలు తీయడం నేర్పిన గురువుగారు పోయిన నెలలో కన్నుమూశారు. కబురు చెప్పిన ఆయన భార్య, "నిన్ను తలుసుకోని రోజు నేదమ్మా" అన్నారు. నాకు సిగ్గేసింది. ఎందుకో ఇప్పుడైనా చెప్పాలి.

ఎండ నేరుగా లెన్స్‌ మీద పడితే బొమ్మ మీద తెల్లటి పొర కమ్ముతుంది. అది పడకుండా లెన్స్‌కి ముందు ఒక తొడుగు పెడతారు. గురువుగారు గోల్‌మురి రేకుల ఫ్యాక్టరీలో ఒక ముక్క సంపాదించి, తనే కత్తిరించి, లోపల నల్లటి వెల్వెట్ గుడ్డ అంటించుకున్నారు. దాన్ని టోపీ అనేవారు. ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీలు చూసేవారు. "మొకం తరవాత. ఎండ ఎటునుంచి వత్తందో ముందు సూడమ్మా" అనేవారు.

ఆరేళ్ళ క్రితం కాసిడీహ్‌లో ఒక తెలుగువారింట్లో నాలుగు తరాల ఫొటో కోసం పిలిచారు. అందరూ మేడ మీద కూర్చున్నారు. కెమెరా నాకిచ్చి, గురువుగారు ముత్తవ్వ శాలువా సర్దుతున్నారు. ఆ ఇంటి మనవడు టోపీ చూసి, "యే క్యా హై, డాల్డా డబ్బానా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. చప్పుడు కాకుండా టోపీ తీసి సంచిలో పడేశాను. అలాగే ఫొటో తీసేశాను. ఆ ఎండలో కెమెరా తెర మీద నాకేమీ కనబడలేదు.

వారం తిరక్కుండా ముత్తవ్వ పోయింది. ప్రింటు వేస్తే, సరిగ్గా ఆవిడ ముఖం మీదే తెల్లటి పొర.

ఆవిడ కొడుకు మా ఫొటో దుకాణానికొచ్చి, "మా అమ్మది ఇంకో ఫొటో నేదండీ" అని ఏడ్చాడు. నేను నోరు తెరిచేలోగా గురువుగారు, "కూకోబెట్టిన సోటు నాది బాబూ. తప్పు నాదే" అన్నారు.

అతను వెళ్ళాక నెమ్మదిగా అడిగారు.

"టోపీ తీయనేదు కదమ్మా?"

"లేదండి."

"అయితే నా కళ్ళే ఎలుతురు పోల్చుకోనేకపోతన్నాయి. ఇంక దుకాణం నువ్వే సూసుకో."

ఆయన మళ్ళీ కెమెరా పట్టలేదు. నేను చూపించిన ప్రతి ప్రింటునూ దూరంగా పట్టుకుని, "ఎలుతురు బాగుందా అమ్మా?" అని నన్నే అడిగేవారు. బాగుందనేదాన్ని.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఓటరు కార్డులోని ఫొటోనే పెద్దది చేయించి దండ వేశారు. ఇన్నేళ్ళలో నేను ఆయన్ని ఒక్క ఫొటో తీయలేదు. ఆయన భార్య కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను.

ఎండ ఫ్రేము అద్దం మీద పడి ఆయన ముఖం కనబడటం లేదు. ఆవిడ మెల్లగా లేచి, కిటికీకి అడ్డంగా కొంగు చాపి నిలబడ్డారు.