పసుపు బస్తాకు డ్రైవరు

నా మొదటి ఉద్యోగంలో నేను పసుపు బస్తాను చెరుకు ట్రాక్టరుకు కూతుర్ని చేశాను. నవ్వకండి. ఆ రోజు అది నాకు గొప్ప తెలివిగానే తోచింది.

నిజామాబాద్‌లో మేడ మీద చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. చెరుకు, పసుపు తూకం చీటీలు ఇచ్చే ప్రోగ్రాం రాయడం నా పని. ఆ శనివారం ప్రోగ్రాం కొనేవాళ్లు వచ్చి చూస్తారు, నా మూడు నెలలూ అదే రోజు పూర్తవుతాయి. అప్పటికే రెండేళ్లు ఇంట్లో కూర్చుని దరఖాస్తులు పెట్టాను. మళ్లీ ఆ బతుకు తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

ప్రోగ్రాంలో ప్రతి వస్తువుకూ ఒక క్లాసు రాస్తాం. అంటే అది ఎలా ఉంటుంది, ఏమేం చేయగలదు అనే నమూనా. ట్రాక్టరు క్లాసు ముందే రాశాను, తూచడం, చీటీ ఇవ్వడం అందులోనే ఉన్నాయి. బస్తాకూ అవే కావాలి. మళ్లీ ఎవరు రాస్తారని బస్తాను ట్రాక్టరుకు వారసురాలిగా పెట్టేశాను. తల్లికున్నవన్నీ బిడ్డకు వస్తాయి కదా! వచ్చాయి, అన్నీ వచ్చాయి. ట్రాలీ నంబరు కూడా వచ్చింది. డ్రైవరు పేరు కొట్టనిదే బస్తా సేవ్ కానని మొండికేసింది. చిరాకేసి ఆ గడిలో మా బాపు, అదే మా నాన్న పేరు కొట్టాను.

గురువారం పొద్దున మా సీనియర్ అక్క ఆ బస్తాకు వచ్చిన చీటీ చదివింది.

"ఏందమ్మా గిది? పసుపు బస్తకు డ్రైవరా? మరి టైర్లేవి?"

ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది, ముందు వాళ్ల మీద, తర్వాత నా మీదే. "శనారం లోపట సక్కగ చెయ్యి," అంది అక్క. ఇక నవ్వడం లేదు.

బుర్ర పని చేయక, ఒక పూట సెలవడిగి బోధన్ బస్సెక్కాను. మా బాపు ఆ రోడ్డు మీద బండ్లు తూచే కాంటాలో పని చేస్తాడు. వెళ్లి ఆయన పక్కన స్టూలు మీద మూతి ముడుచుకుని కూర్చున్నాను. చెరుకు ట్రాక్టరు కాంటా ఎక్కింది. దాని తర్వాత మక్కల వ్యాను, అంటే మొక్కజొన్నది, ఆ తర్వాత పాత ఇనుప సామాను లారీ. బాపు అందరికీ ఒకటే పని చేస్తున్నాడు. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేసి చీటీ ఇవ్వడం.

"బాపూ, గీ మూడింటికి సుట్టరికమేంది?"

"సుట్టరికమేందే? ఏం లేదు. కాంటా ఎక్కినోని కులగోత్రాలు అడుగుతమా? నిండుగ ఎంత, ఖాళీగ ఎంత, గీ రెండు తెలిస్తే సాలు."

దిగ్గున లేచి నిలబడ్డాను. కాంటా ట్రాక్టరుది కాదు! అది రోడ్డు పక్కన విడిగా ఉంది, అవసరమున్న బండి వచ్చి ఎక్కుతుంది, ఎవరూ ఎవరికీ బిడ్డ కానక్కర్లేదు. దీన్నే ట్రెయిట్ అంటారని కాలేజీలో చదివాను, పరీక్షలో పేజీ నిండా రాసి మార్కులూ తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ స్టూలు దగ్గరే.

"ఏమైందే, తేలు గుట్టిందా?" అన్నాడు బాపు.

"పోతున్న బాపూ!" అంటూ బస్సు కోసం పరుగెత్తాను.

శుక్రవారం ఆఫీసు తలుపు తీసింది నేనే. తూకం, చీటీ పనులు ట్రాక్టరులోంచి పీకి 'కాంటా' అనే ట్రెయిట్‌లో పెట్టాను. ట్రాక్టరూ బస్తా రెండూ దాన్ని వాడుకుంటాయి. ఎవరి రెండు బరువులు వాళ్లే చెప్పాలి. ట్రాక్టరుకు ఖాళీ బరువంటే సరుకు దింపిన బండి, బస్తాకైతే ఉత్త గోనెసంచి. మిగతాది కాంటాయే చూసుకుంటుంది. బస్తాకు డ్రైవరు పీడ వదిలింది.

శనివారం కొనేవాళ్ల తరఫున వచ్చిన పెద్దమనిషి చీటీలు రెండూ చూసి, "మక్కలు గూడ తూస్తదా?" అని అడిగాడు. ఎవరూ అనుకోని ప్రశ్న. అక్క నా వైపు చూసింది. వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను. మక్కలకు ఒక క్లాసు, దాని రెండు బరువులు, కాంటా వాడుకొమ్మని ఒక్క వరుస. ఆయన చాయ్ తాగేలోపు చీటీ చేతిలో పెట్టాను.

"అరే వా!" అన్నాడు.

ఆయన వెళ్లాక అక్క, "సోమారం నుంచి గీ కుర్చీ నీదే," అంది.

మెట్ల మీద నుంచే బాపుకు ఫోన్ చేసి అరిచినట్టే చెప్పాను. అవతల లారీ హారను ఆగకుండా మోగుతోంది. "జర ఆగన్నా," అన్నాడు ఎవరితోనో, "నా బిడ్డకు నౌకరి పక్కా అయింది." మా బాపు కాంటా దగ్గర ఏ బండినీ ఆపి ఎరుగడు. ఆ రోజు అయిదు నిమిషాలు ఆపాడు.