గార్డుబాబుకు మందు వేసిన చెయ్యి

ఈ సాయంత్రం కింది వాటాలోని బెంగాలీ పెద్దావిడ మాసీమా, ధునుచి అనే మట్టి ధూపపాత్రలో నిప్పులు పోసి, గుగ్గిలం చల్లి, గది గదికీ తిప్పింది. ఆ పొగ మెట్ల మీదుగా మా ఇంట్లోకి వచ్చింది. పాపను చంకన వేసుకుని గబగబా కిటికీలన్నీ తెరిచేశాను. మా ఆయన పేపరు దించి, "మంచి వాసనే కదా, అంత కంగారెందుకు?" అన్నారు. నిజమే, మంచి వాసనే. కానీ నాకు ఆ వాసనతోపాటే నోరు తెరిచి ఊపిరి కోసం అల్లాడిన ఒక బూడిదరంగు చిలుకా, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్న రత్నం అత్తా కనిపిస్తారు. ఇప్పుడు పాప నిద్రపోయింది కనుక ఆమె గురించి రాయడానికి కూర్చున్నాను. పాప పుట్టినప్పటి నుంచి నాకు నా చేతులంటేనే భయం. నీళ్ళ వేడి సరిగ్గా చూశానా, గుడ్డ బిగించి కట్టానా, పాలు ఎక్కువ పట్టానా అని రోజంతా చూసిందే మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ ఉంటాను. "అలవాటైపోతుందిలే" అంటారు అందరూ. రత్నం అత్త ఉంటే ఇంకేదో అనేది. అది ఏమిటన్నది నాకు కొంత తెలుసు.

నా చిన్నప్పుడు బెంగాల్లో, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా పక్కిల్లు రత్నం అత్తావాళ్ళది. మా నాన్నా, ఆమె భర్త శేషు మావయ్యా ఇద్దరూ గూడ్సు బండి గార్డులు. చుట్టరికమేమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కనుక అక్కడ అందరూ అత్తలూ మావయ్యలే. రత్నం అత్త రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేది. హెడ్‌ఫోను పెట్టుకున్నంతసేపూ బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు. ఇంటికొచ్చి చెప్పులు విడిచిందంటే మళ్ళీ ఊరి తెలుగే. ఆమెకు పిల్లలు లేరు. ఆ సంగతి కాలనీ ఆడవాళ్ళు ఆమెను మరిచిపోనిచ్చేవారు కాదు. అయినా ఎవరింట్లో బిడ్డ పుట్టినా తలంటు పోయడానికి ఆమెనే పిలిచేవారు. కాళ్ళు చాపుకుని, వాటి మీద పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టుకుని, నూనె మర్దనా చేసి, నీళ్ళు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి తల్లి చేతిలో పెట్టేది. ఆమె చేతుల్లో బిడ్డలు ఏడ్చేవారు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆమెకు చిలుకను పెంచాలని కోరిక పుట్టింది. మామూలు పచ్చ చిలుక కాదు, ఆఫ్రికా నుంచి వచ్చే బూడిదరంగు చిలుక. ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో అప్పలస్వామి తాత అనే ఆయన దగ్గర రెండున్నాయని మావయ్యకు తెలిసింది. ఆయన ఓడల మీద ఖలాసీగా తిరిగి తిరిగి ముసలివాడయ్యాడు. చూపు తగ్గి, టికియాపారాలో కూతురి ఒంటిగది ఇంటికి వెళ్ళిపోతూ, పిట్టలను మంచివాళ్ళ చేతిలో పెట్టాలని చూస్తున్నాడు. నన్నూ వెంట తీసుకెళ్ళారు.

గుమ్మంలో అడుగు పెట్టగానే మొదటి పంజరంలోంచి, "కే రే?" అని బెంగాలీలో గద్దించిన గొంతుకు మావయ్య నిజంగానే ఆగిపోయి, "మేమే బాబూ" అన్నాడు. తాత పగలబడి నవ్వాడు. ఆ చిలుక బెంగాలీలో పలకరించేది, హిందీలో తిట్టేది, ఓడ కూతలా కూసేది. రెండోది మూల పంజరంలో ఊరికే కూర్చుని ఉంది.

"దీన్నే తీసుకెల్దాం రత్నం. గుమ్మంలో పెడితే కుక్క అక్కర్లేదు," అన్నాడు మావయ్య.

అత్త సంచీలోంచి జామకాయ తీసి ముక్కలు కోసి, రెండు పంజరాల్లోనూ పెట్టి, వెనక్కి వచ్చి కూర్చుంది. మాటల చిలుక మా వైపు చూసి అరుస్తూనే ఉంది కానీ ముక్క ముట్టలేదు. రెండోది తెల్లటి కన్నుతో మమ్మల్ని చాలాసేపు చూసింది. తర్వాత ఒక కాలితో ముక్క పట్టుకుని, గింజలు ఏరుకుంటూ తినడం మొదలుపెట్టింది. ఆ రోజు అత్త ఏ మాటా ఇవ్వకుండానే లేచి వచ్చేసింది. మళ్ళీ ఆదివారం వెళ్ళాం, ఆ పై ఆదివారం కూడా. ముక్కు రంధ్రాలు పొడిగా ఉన్నాయా, రొమ్ము ఈకలు పీక్కుంటోందా, కాళ్ళు కొమ్మను గట్టిగా పట్టుకుంటున్నాయా అన్నీ చూసింది. చివరికి మూల పంజరం చూపించి, "ఇది," అంది.

"ఇది మాటాడదమ్మా. మా ఇంట ఇన్నాళ్ళుండీ ఒక్క ముక్క అన్లేదు," అన్నాడు తాత మొహమాటంగా.

"ఎక్స్ఛేంజీలో పొద్దస్తమానం మాటలే గదా తాతా. ఇంటికాడ ఒక్కరైనా ఊరుకునోళ్ళు ఉండాలి."

"నానున్నాను గదేటి?" అన్నాడు మావయ్య.

"నువ్వు నిద్దట్లో కూడా మాటాడతావు."

తిరిగి వస్తుంటే లోకల్ బండిలో అడిగాను, ఎందుకు దాన్నే ఎంచుకున్నావని. ఒళ్ళో పంజరం మీద తువ్వాలు సర్దుతూ అత్త అంది: "బెదిరినోళ్ళు తినరే గుంటా. మన ఎదట తిందంటే, మనల్ని ఓర్సుకోగలదన్నమాట."

ఒళ్ళంతా బూడిదరంగు, తోక మాత్రం నిప్పులాంటి ఎరుపు. బండి చివర ఎర్రదీపంలా ఉందని మావయ్య దానికి గార్డుబాబు అని పేరు పెట్టాడు. అత్త దాని పంజరాన్ని వంటగదికి దూరంగా, ముందు గదిలో కిటికీ పక్కన, వెనక గోడ ఆసరా ఉండేలా పెట్టింది. నానిన శనగలు, ఉప్పు లేకుండా ఉడికించిన మొక్కజొన్న, కారెట్టు, పచ్చిమిరపకాయలు పెట్టేది. కొరుక్కోవడానికి ఖాళీ దారపు రీళ్ళూ, ముళ్ళు వేసిన కొబ్బరితాడూ వేలాడదీసేది. "దీనికి కడుపుతోపాటు బుర్ర కూడా నిండాలి, లేపోతే ఒళ్ళు పీక్కుంటాది," అనేది. డ్యూటీ నుంచి రాగానే పంజరం తలుపు తీసి, మణికట్టు చాపేది. గార్డుబాబు ముక్కుతో ఒకసారి తడిమి చూసుకుని ఎక్కేది. ఈకల నుంచి రాలే తెల్లటి పొడి ఆమె ఎక్స్ఛేంజీ చీరల మీదంతా ఉండేది. కాలనీలో, "రత్నం బిడ్డకి పౌడరు రాసి వస్తంది," అని నవ్వుకునేవారు. అత్త కూడా నవ్వేది.

ఆ చలికాలంలో జరిగింది అది. మబ్బు పట్టిన ఒక ఆదివారం గార్డుబాబు నీళ్ళ పళ్ళెంలో దిగి, రెక్కలు కొట్టుకుంటూ నిలువెల్లా తడిసిపోయింది. ఎండ లేదు. అది ముడుచుకుని వణుకుతోంది. మా ఇళ్ళల్లో పసివాళ్ళకు స్నానమయ్యాక ఏం చేస్తామో అత్త అదే చేసింది. చలిగాలి రాకుండా కిటికీలు మూసి, నిప్పుల్లో సాంబ్రాణి వేసి, పంజరం కింద పెట్టింది. ఎందరో పిల్లలకు అలాగే ఒళ్ళు ఆరబెట్టిన చెయ్యి అది. మా అమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు. ఎవరికీ తప్పనిపించలేదు. కాసేపటికి గార్డుబాబు తోక పైకీ కిందికీ కొట్టుకోవడం మొదలైంది. ముక్కు తెరిచి ఉండిపోయింది. ఆ తర్వాత కొమ్మ మీంచి జారి పంజరం అడుగున పడిపోయింది.

అత్త పంజరాన్ని ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుని, ముట్టుకోకుండా చూస్తూ ఉంది. అది కళ్ళు తెరిచిందో లేదో, పంజరం మీద తువ్వాలు కప్పి, నన్ను తోడు తీసుకుని స్టేషనుకు నడిచింది. వెనక నుంచి ఆడవాళ్ళు ఒకటే చెబుతున్నారు: దిష్టి కొట్టిందని, పిల్లిని చూసి జడుసుకుందని, తడిస్తే చలి పట్టిందని.

పిట్టలను చూసే డాక్టరు బెల్గాఛియా వైపు ఉండేవాడు. పెద్దాయన, బెంగాలీ. గార్డుబాబును చేతిలోకి తీసుకుని, "ఇంట్లో పొగ ఏమైనా పెట్టారా దిదీ?" అన్నాడు. ఆడవాళ్ళు చెప్పిన కారణాలన్నీ నా నాలుక చివర ఉన్నాయి. అత్త వాటిలో ఒక్కటీ అందుకోలేదు.

"నేనే పెట్టాను. పసిపిల్లలకి పెట్టినట్టు పెట్టాను," అంది బెంగాలీలో. ఫోనులో నంబరు చెప్పే గొంతులాగే ఉంది ఆ గొంతు.

డాక్టరు ఆమెను కోప్పడలేదు. ఈ జాతికి ఊపిరి ఒంట్లో చాలా దూరం పోతుందనీ, మనకు దగ్గు తెప్పించే పొగ దాని ప్రాణం తీస్తుందనీ చెప్పాడు. బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. పొద్దున్నా సాయంత్రం తువ్వాలులో గట్టిగా చుట్టి, ముక్కు తెరిచి, చుక్కల మందు వెయ్యాలన్నాడు. తిండి ఆగకుండా చూసుకోమన్నాడు.

చిక్కు అక్కడే వచ్చింది. తువ్వాలుతో అత్త దగ్గరికి రాగానే గార్డుబాబు భయంతో కీచుమని అరిచేది, దొరికిన వేలు కొరికేది. మా అమ్మ చూడలేక, "మందు మా గుంట వేస్తాదిలే వదినా. ఇప్పటికే నిన్ను సూస్తే ఒణికిపోతంది. ఇంక జన్మలో నీ కాడికి రాదు," అంది. మావయ్య కూడా నేను వేస్తానన్నాడు.

అత్త వేలికి పసుపు అద్దుకుంటూ అంది: "మందు నానే వేస్తాను. దానికి కోపం నా ఒక్కర్తి మీదే ఉండనీ. అందరి మీదా కోపమొస్తే ఎవలి సేతిలో తింటాది? తిండి ఈ గుంట పెడతాది."

అలా రెండు పనులూ విడిపోయాయి. అత్త చుట్టేది, మందు వేసేది, కరిపించుకునేది, లోపలికి వెళ్ళిపోయేది. తర్వాత నేను వచ్చి మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే పెట్టేదాన్ని. మొదట్లో తినేది కాదు. ఒక పొద్దున నా వేళ్ళలోంచి గింజ తీసుకుంది. తలుపు చాటు నుంచి అత్త చూసి, "తిందా?" అని పెదవులతో మాత్రం అడిగింది. నేను తలూపగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

గార్డుబాబు బతికింది. మందు మానేశాక కూడా అత్తను దగ్గరికి రానివ్వలేదు. ఆమె చెయ్యి కనిపిస్తే పంజరం వెనక గోడకు అంటుకుపోయేది. నా భుజం మాత్రం ఎక్కేది. ఆడవాళ్ళు ఊరుకుంటారా? "పిట్ట కూడా పరాయిదైపోనాది పాపం," అన్నారు, వినబడేలాగే. అత్త మాత్రం డ్యూటీ నుంచి వచ్చి, పంజరం తలుపు తీసి, ఎప్పటి కుర్చీలోనే కూర్చునేది. ఆ వైపు చూసేది కాదు. చిక్కుళ్ళు ఒలిచేది, జాకెట్టుకు హుక్కులు కుట్టేది.

"ఒకసారి పిలు అత్తా. జామకాయ చూపించు, వస్తుంది," అన్నాను ఉండబట్టలేక.

"పిలిస్తే నా కోసం వస్తాది. దానికి రాబుద్దయినప్పుడు రానీ."

"ఎప్పటికీ రాకపోతే?"

"ఈ గదిలోనే ఉంటాది గదా. నానూ ఇక్కడే ఉంటాను."

ఎండాకాలం గడిచిపోయింది. వానలు మొదలై, కాలనీ దారులు మునిగి, బండ్లు ఆగిపోయి అందరం ఇళ్ళల్లో ఉండిపోయిన ఒక మధ్యాహ్నం, గార్డుబాబు పంజరం దిగింది. నేల మీద తప్పటడుగులు వేస్తూ గది దాటింది. అత్త చీర కుచ్చిళ్ళు ముక్కుతో పట్టుకుని, కొంచెం ఎక్కి, ఆగి, మళ్ళీ ఎక్కి ఒళ్ళోకి చేరింది. అత్త చేతిలో టీ గ్లాసుంది. దాన్ని కింద పెట్టడానికి కూడా కదల్లేదు. చల్లారిపోయిన టీ పట్టుకుని, వాన వైపు చూస్తూ అలాగే కూర్చుంది. గార్డుబాబు మెడ వంచి ఆమె మణికట్టుకు తల ఆనించింది.

నేను గుసగుసగా అడిగాను, "పొగ సంగతి మరిచిపోయిందా అత్తా?"

"ఈ జాతి మరిసిపోదే. గుర్తుండీ వచ్చింది," అంది.

నేను కాలేజీలో ఉండగా మావయ్యకు వాల్తేరు బదిలీ అయింది. గార్డుబాబును ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయారు. నా పెళ్ళయిన ఏడాదే అత్త పోయింది. చిలుక మావయ్య దగ్గర ఇంకా ఉంది, ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది కూడా. అత్త చేతుల్లో పెరిగిన బిడ్డలు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆమె పేరు కూడా వాళ్ళకు తెలియదు.

నిన్న పాపకు గోళ్ళు తీస్తుంటే చిటికెన వేలి చివర తెగింది. చిన్న చుక్క రక్తం. పాప కేక పెట్టి, కళ్ళనిండా నీళ్ళతో నా ముఖంలోకి చూసిన చూపు నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే కత్తెర మా ఆయన చేతికిచ్చి, మిగిలిన గోళ్ళు మీరు తియ్యండి, నావల్ల కాదన్నాను. ఆయన కత్తెర వైపు, పాప వేళ్ళ వైపు చూసి ఇంకా భయపడిపోయారు. కత్తెర మళ్ళీ అల్మారా ఎక్కింది. సాయంత్రం పాప తన బుగ్గ తనే గీరుకుంది.

నా బిడ్డ నా వల్ల ఒక్క నొప్పీ ఎరగకుండా పెరగాలని ఇన్నాళ్ళూ కోరుకుంటూ వచ్చాను. అది జరిగేది కాదు. కొన్ని నొప్పులు గుర్తుంటాయి పాపకు. గుర్తుండీ నా దగ్గరికి వస్తుందో రాదో దాని ఇష్టం. ఈ ఇంట్లోనే, అత్తలా ఎప్పటి కుర్చీలోనే నేనుండడం మాత్రం నా చేతిలో ఉంది.

రేపు వెలుతురు బాగా వచ్చాక కిటికీ దగ్గర కూర్చుంటాను. ఒక చేత్తో దాని వేళ్ళు గట్టిగా పట్టుకుని, మిగిలిన గోళ్ళు నేనే తీస్తాను.