కోసేద్దామన్న బట్ట కోసం: హీల్డులు వెతుక్కుంటూ నాచారం దాకా

మేడిపల్లిలో మా పక్క ఫ్లాటులో ఉండే సరళ రిటైరయ్యాక ఒక చిన్న చెక్క మగ్గం కొనుక్కుంది. కిటికీ పక్కన కూర్చుని రోజుకు జానెడు బట్ట నేసేది. లేత పసుపు, బూడిద రంగు నూలుతో ఒక శాలువా మొదలుపెట్టి, అది మూరెడు పెరిగేసరికి తనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. నాలుగు నెలలు కూతురింట్లో ఉండి వైద్యం చేయించుకుంది. ఆ నాలుగు నెలలూ మూసి ఉన్న ఇంట్లో వాన జల్లు కిటికీ సందులోంచి మగ్గం మీద పడుతూనే ఉంది. తిరిగొచ్చి, అడ్డపోగును మోసే నాడెను ఎడమ చేత్తో తోసిన మొదటి పూటే ఏడు పోగులు తెగాయి.

తప్పు పోగులది కాదు, హీల్డులది. హీల్డు అంటే నడుమ చిన్న కన్ను ఉన్న సన్నని తీగ. నిలువు పోగు ఒక్కొక్కటీ ఒక్కో కంట్లోంచి దూరి వెళుతుంది. కాలితో చెక్క తొక్కితే తీగ లేస్తుంది, దానితో పాటు పోగూ లేస్తుంది. ఆ కళ్ళు తుప్పు పట్టి పోగుల్ని కోస్తున్నాయి. కొత్తవి వేయాలంటే బట్ట కోసి, పోగులన్నీ బయటికి లాగి, మళ్ళీ మొదటి నుంచి దూర్చాలనుకున్నాం.

"కోసేద్దాం తియ్యి. మళ్ళ దూర్చేందుకు నాకు చెయ్యేది?" అంది సరళ, కిటికీ వైపు చూస్తూ.

మర్నాడే నేను కొత్త హీల్డుల కోసం బయల్దేరాను.

ఉదయం తొమ్మిదింటికి మేడిపల్లిలో బస్సెక్కాను. సన్నటి ముసురు. రోడ్డు మధ్యలో ఫ్లైఓవరు కోసం లేపిన స్తంభాలు ఒకదాని వెనక ఒకటి వాన తెరలోకి నడిచి వెళుతున్నట్టున్నాయి. పీర్జాదిగూడ దాటుతుంటే కట్టడాల మీది ఆకుపచ్చ వలలు గాలికి మెల్లగా ఉబ్బి, మళ్ళీ గోడకు అతుక్కుంటున్నాయి. ఆ కదలిక చూస్తూ నేనెక్కడికి వెళుతున్నానో కాసేపు మరిచిపోయాను. అరగంటలో ఉప్పల్. నగరం వైపు నుంచి వచ్చేవాళ్ళు మెట్రోలో ఇక్కడే దిగొచ్చు. స్టేషను కింద ఆటో మాట్లాడుకుంటే నాచారం పారిశ్రామికవాడకు నూట ఇరవై తీసుకున్నాడు, ఇరవై నిమిషాలు పట్టింది.

"మగ్గం సామానా? గిప్పుడు ఎవలు నేస్తున్నరు మేడం?" అన్నాడు ఆటో అన్న.

"మా దోస్తు నేస్తది" అన్నాను. ఆ మాట పైకి అనేసరికి నాకే ధైర్యం వచ్చింది.

రేకుల షెడ్డు ముందు దించాడు. లోపల మిల్లు యంత్రాల విడిభాగాలు అమ్ముతారు. కౌంటరు వెనక ఉన్న మల్లేశంగారికి డెబ్బై దగ్గర పడి ఉంటాయి. సిద్దిపేట వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి, మిల్లులో ముప్పై ఏళ్ళు హీల్డుల్లోకి పోగులు దూర్చే పనే చేశాడట. గోడకు మేకుల మీద రకరకాల హీల్డులు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. తలుపులోంచి గాలి వచ్చినప్పుడల్లా అవి సన్నగా గలగలమంటుంటే, లోపల ఎక్కడో వాన పడుతున్నట్టుంది.

ఆయన ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెట్టాడు. "గిది తీగది. బరువుంటది, లేసినంక దాని బరువుకు అదే కిందికొస్తది. ఉన్నికి, మందం నూలుకు మంచిగుంటది. గిది చదును ఉక్కుది, మిల్లులల్ల జోరుగ నడిచే మగ్గాలకు. గిది పాలిస్టరుది. తేలిక, సప్పుడు జెయ్యది, తుప్పు పట్టది. కొత్తగ నేర్సుకునేటోళ్ళు గిదే కొంటున్నరు."

"మరి ఇదే ఇవ్వండి అన్నా" అన్నాను.

"ఆగమ్మా. మగ్గం మీద బట్టున్నదా?"

ఉందన్నాను. సరళ చెయ్యి సంగతి, కోసేద్దామన్న సంగతి, అంతా చెప్పాను. ఆయన పాలిస్టరు గుత్తిని తీసి మళ్ళీ మేకుకు తగిలించాడు.

"కొయ్యాల్సింది పోగును కాదమ్మా, తీగను. తుప్పు పట్టిన తీగను కట్టరుతోని కత్తిరించు, పోగు దానంతటదే బయటికొస్తది. ఆడనే ఆ పోగు సుట్టు దారంతోని కొత్త హీల్డు కట్టు. దారంది ఒక్కటే గట్ల పోగు మీదనే కట్టొస్తది."

నాకు నవ్వొచ్చింది, కళ్ళూ చెమ్మగిల్లాయి. ఆయన చూడనట్టే ఒక చెక్క ముక్క తెచ్చి, నేను వెంట తెచ్చిన పాత హీల్డు కొలతకు నాలుగు మేకులు కొట్టాడు. గట్టిగా పురి పెట్టిన నూలు దారాన్ని వాటి చుట్టూ తిప్పి, నడుమ రెండు ముళ్ళు వేస్తే కన్ను తయారైంది. ముడి వెంట్రుకవాసి కిందికి జారినా ఆ పోగు వదులై నాడెకు అడ్డం పడుతుందట. నేను కట్టిన మొదటి పదకొండూ వంకరే. పన్నెండోది చూసి, "గిది నడుస్తది" అన్నాడు. రెండు దారం ఉండలు, ఆ చెక్క, చిన్న కట్టరు కలిపి మూడు వందల యాభై. మూడింటికల్లా ఇంట్లో ఉన్నాను.

సరళ స్టూలు మీద కూర్చుంది. నేను తీగ కత్తిరిస్తుంటే, జారిన పోగు తప్పిపోకుండా ఎడమ చేతి వేళ్ళతో పట్టుకుంది. ఒక్కో పోగు చుట్టూ దారం తిప్పి, పక్క హీల్డు కంటికి సరిగ్గా ఎత్తు చూసుకుని ముడేశాను. తుప్పు పట్టినవి ముప్పై నాలుగు. తెగిన ఏడింటికీ పాత నూలు అతికించి, కొత్త కళ్ళలోంచి దూర్చాం. మూడు మధ్యాహ్నాలు పట్టింది.

మూడో రోజు సరళ చెక్క మీద కాలు పెట్టింది. మెల్లగా తొక్కింది. ఆ వరస పోగులన్నీ ఒక్కసారిగా లేచాయి. అంచుల్లో తీగలు గలగలమన్నాయి. నడుమ, దారాలు ఉన్నచోట, ఏ చప్పుడూ లేదు. ఎడమ చేత్తో నాడె తోసి, అదే చేత్తో అవతల అందుకుంది.

"జర పక్కకు జరుగు, ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్" అంది నాతో.

ఏ హీల్డు మంచిదని ఇప్పుడెవరైనా అడిగితే, మగ్గం మీద ఏముందో ముందు చూడమంటాను. ఖాళీ మగ్గానికి పాలిస్టరు తెచ్చుకోండి, మందం నూలుకు తీగవి తెచ్చుకోండి. సగం నేసిన బట్ట ఉంటే మాత్రం దారం, ఓపిక, పక్కన ఇంకొక మనిషి కావాలి. ఆ మూడు మధ్యాహ్నాలు మేమిద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. నాలుగు నెలలుగా ఆమెను ఏమని ఓదార్చాలో తెలియని నాకు, మాట అవసరం లేని పని దొరికింది.

మీరూ వెళ్ళేటట్టయితే ఫోనులో ఫోటోతో సరిపెట్టుకోకండి. పాత హీల్డు ఒకటి ఊడదీసి వెంట తీసుకెళ్ళండి. పొడవు, కన్ను ఉన్న ఎత్తు దాన్ని బట్టే కొలుస్తారు. తిరిగొచ్చేదాకా బట్ట మీద కత్తెర మాత్రం పెట్టకండి.