పచ్చికుండలతో కీసర దారిలో

నేను నాచారానికి కోడలిగా వచ్చినప్పుడు మా ఇంటి చుట్టూ ఖాళీ ప్లాట్లే ఉండేవి. వెనక పెరట్లో కుండలు కాల్చే ఆవం ఉండేది. దాని పొగ ఎటు పోయినా అడిగేవాళ్లు లేరు. తర్వాత మూడు వైపులా అపార్ట్‌మెంట్లు లేచాయి. వీధిలో మిగతా కుమ్మరి ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే సారె పక్కన పెట్టి వేరే పనులు చూసుకున్నారు. మేమొక్కళ్లమే మిగిలాం.

ఒక రోజు పొద్దున పక్క అపార్ట్‌మెంట్ సంఘం పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగి. కుర్చీ వేస్తే కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, మొహమాటంగానే మాట్లాడాడు.

"మీ పనికి అడ్డం రావాలని కాదమ్మా. మా ఆవిడకి ఉబ్బసం. మీరు కాల్చిన రోజున కిటికీలన్నీ మూసినా పడుకోలేక మంచం మీద కూర్చునే ఉంటుంది. అందరూ పైవాళ్లకి ఫిర్యాదు చేద్దామంటున్నారు. ముందు మీతో ఓ మాట అందామని వచ్చాను."

మా ఆయన నా వైపు చూశాడు. నేనే అన్నాను, "జర టైమియ్యున్రి సార్. ఆలోచించి చెప్తం."

ఆయన వెళ్లిపోయాక కోపం తెచ్చుకుందామంటే రాలేదు. పొగ అబద్ధం కాదు. మా అత్తమ్మ కూడా చివరి రోజుల్లో ఆ పొగకే దగ్గేది.

"బంద్ జేద్దాం," అన్నాడు మా ఆయన. "నీళ్ల రంజన్లు బయటినుంచి లారీలల్ల దిగుతున్నయ్. తెచ్చి అమ్ముకుందాం. కంపెనీల వాచ్‌మన్ పని గూడ ఉన్నదంట."

నేను కంపెనీ పని ఎరుగుదును. పెళ్లికి ముందు ఇక్కడి పారిశ్రామికవాడలోనే బట్టల కంపెనీలో కుట్టుపని చేశాను. నా ముందుకు వచ్చేవి చొక్కా చేతులు మాత్రమే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతులకు అంచులు కుట్టడమే. అన్నేళ్లలో ఒక్క చొక్కా కూడా మొదటి నుంచి చివరి దాకా నేను కుట్టలేదు. ఇక్కడికి వచ్చాక మట్టి ముద్ద నా కళ్ల ముందే కుండ కావడం చూశాను. దానికి రంగు వేసేది నేను, ఎత్తుకుపోయేవాళ్ల చేతికిచ్చేది నేను. ఆ తృప్తి వదులుకోవడం నావల్ల కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఉప్పల్ నుంచి ఒక ముసలామె వచ్చి మనవరాలి పెళ్లికి ఐరేని కుండలు చెప్పిపోయింది. మా వైపు పెళ్లికి ముందు ఆడవాళ్లు డప్పులతో కుమ్మరి ఇంటికి వచ్చి, బియ్యం, పసుపు, చీర పెట్టి, రంగులేసిన కుండలు తీసుకుపోతారు. ఇంట్లో దేవుని దగ్గర వాటిని నిలిపి పూజ చేశాకే పెళ్లి పనులు సాగుతాయి. ఇప్పుడు ఫంక్షన్ హాలువాళ్లే డబ్బా రంగులు కొట్టిన కుండలు కిరాయికిస్తున్నారు. ఆ ముసలామె మాత్రం, "కిరాయి కుండల ముంగట నా మనవరాలు మొక్కదు బిడ్డా. నువ్వే జేసియ్యాలె," అంది. నేను సరే అన్నాను.

మర్నాడు అపార్ట్‌మెంట్‌కు వెళ్లి ఆ పెద్దాయనతో చెప్పాను. "ఇగ ఈడ కాల్వం సార్. సారె మాత్రం తిరుగుతది. దానికి పొగ రాదు."

"మరి మీ పనెలాగమ్మా?"

"కాల్చేటందుకు ఇంకో జాగ చూసుకుంటం."

చూసుకుంటామని అనేశాను గానీ అప్పటికి జాగా ఏదీ లేదు. ఇంటికి వచ్చి కీసరలో ఉండే వదినకు, అంటే మా ఆయన అక్కకు, ఫోన్ చేశాను. ఆమెకు అక్కడి గుట్ట కనిపించేంత దూరంలో కొంచెం పొలం ఉంది. "పొలం ఎనక బీడున్నది పిల్లా, వాడుకోన్రి. నా గడ్డివాముకు దూరం పెట్టున్రి," అంది.

ఆ వారమే మట్టి పని మొదలుపెట్టాం. చెరువు మట్టి ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి నీళ్లలో నానేశాం. సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కాం. తొక్కేటప్పుడు పాదానికి చిన్న రాయి తగిలినా ఆగి తీసేయాలి, లేకపోతే మంటలో సరిగ్గా అక్కడే కుండ పగులుతుంది. మా ఆయన సారె మీద కుండలు తీశాడు. సారె మీద కుండ పూర్తవదు, అడుగు మందంగా ఉంటుంది. కొంచెం ఆరాక లోపల గుండ్రటి రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టుకుంటూ పోతే అడుగు పలచబడి, పొట్ట గుండ్రంగా వస్తుంది. అదంతా అయ్యాక నీడన బాగా ఆరబెట్టాం.

ట్రాలీ ఆటోలో వరిగడ్డి పరిచి, కుండల మధ్య గడ్డి కుక్కి బయల్దేరాం. మల్లాపూర్ దాకా బాగానే పోయాం. చర్లపల్లి దగ్గర లారీల వెనక పడ్డాం. గుంతలు తప్పించే వీలు లేదు. ఒకచోట చక్రం దిగబడి లేచింది. వెనక బిస్కెట్లు విరిగినట్టు చప్పుడైంది. డ్రైవర్ బండి ఆపి వెనక్కి తిరిగి చూశాడు.

"మెల్లగనే తోలిన అక్కా," అన్నాడు.

"నీ తప్పేం లేదు తమ్మీ. పోనియ్యి."

కీసరలో దించేసరికి సగానికి పైగా పెంకులే. పెద్ద కుండల్లో ఒక్కటీ మిగల్లేదు. మా ఆయన గట్టు మీద కూర్చుని, "నేను జెప్పలేదా?" అన్నాడు. నేను వదిన దగ్గర పెద్ద గంగాళం అడిగి తీసుకుని, పెంకులన్నీ అందులో పోసి నీళ్లు పోశాను. కాలని పెంకు నీళ్లు తగలగానే బుడగలు వదులుతూ కరిగిపోతుంది. కాసేపటికి అదంతా మళ్లీ బురదే. కాల్చాక పగిలిన కుండతో ఇంకేమీ చేయలేం. పచ్చిది పగిలితే మట్టి మనకే ఉంటుంది, పోయేది కష్టమొక్కటే. కష్టం మళ్లీ పడొచ్చు.

మిగిలిన కుండలు ఏరుతుంటే ఒకటి గమనించాను. బాగా ఎండినవే పగిలాయి. చివర్న చేసిన కొన్ని ఇంకా చల్లగా, లోపల తేమతో ఉన్నాయి. వాటి మూతులు కొంచెం వంకర పోయాయి గానీ ఒక్కటీ పగల్లేదు.

"ఈసారి తడి ఉన్నప్పుడే తెద్దాం," అన్నాను.

"తడి కుండ నలుగుతది. రూపు ఉండది."

"నలిగితే సరిజేయరాదా? పలిగితే ఏం జేస్తవ్?"

ఆయన చాలాసేపు ఆ వంకర మూతిని బొటనవేలితో ఒత్తి చూశాడు. ఆటోలో ఇంటికి వచ్చేటప్పుడు తనంతట తనే అన్నాడు. "అయితే చెక్కదెబ్బలు ఇంటికాడ వద్దు. అడుగు మందంగనే ఉండనీ. రాయి, చెక్క పట్టుకపోయి కీసరలనే కొడ్దాం." ఆ మాటతో ఆయన మళ్లీ పనిలోకి వచ్చాడని నాకు అర్థమైంది.

ముసలామె రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ "అయితున్నయ్ పెద్దమ్మా" అని చెప్పాను. మళ్లీ తొక్కాం, మళ్లీ తీశాం. ఈసారి కుండలకు తడి గుడ్డలు చుట్టి, గడ్డిలో బోర్లించాం. నేను ముందు సీట్లో కూర్చోకుండా వెనకే, రెండు పెద్ద కుండలకు చెరోవైపు చేయి ఆనించి కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా ఆ కుదుపు కుండకు పోకుండా నా మోచేతుల్లోనే ఆపాను. గురుగుల్లాంటి చిన్న కుండలు కొన్ని చొట్టబోయాయి. పగిలింది ఏదీ లేదు.

వదిన ఇంటి అరుగు మీద మా ఆయన రోజంతా చెక్కతో కొట్టి కుండలకు రూపు తెచ్చాడు. అక్కడే ఆరబెట్టాం. తర్వాత బీడులో కట్టెలు, పిడకలు పరిచి, కుండలు పేర్చి, పైన గడ్డి కప్పి మట్టి మెత్తాం. తెల్లవారగానే నిప్పు పెట్టాం. మొదట తెల్లటి పొగ చిక్కగా వచ్చింది. అది కుండల్లో మిగిలిన తేమ. అది పోయేదాకా మంట పెంచకూడదు. మధ్యాహ్నం గుట్ట వైపు నుంచి గాలి మళ్లి ఒక పక్కనే మంట ఎగదన్నింది. వదిన తడకలు తెచ్చి అడ్డం పట్టింది. ఆమెకూ నాకూ మొహాలు కమిలాయి గానీ మంట సర్దుకుంది.

మర్నాడు బూడిద తోసి చూశాం. పెద్ద కుండల్లో ఒకటి నెర్రె పట్టింది. అలాంటిదేదో జరుగుతుందని ఒకటి ఎక్కువే చేశాం. మిగతావి ఎర్రగా వచ్చాయి. మా ఆయన ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి, అది ఖంగుమన్నాకే నా చేతికిచ్చాడు.

నాచారం తెచ్చాక సున్నం, ఎర్ర జాజు కలిపి బొమ్మలేశాను. పెళ్లివాళ్లు డప్పులతో మా వీధిలోకి వచ్చారు. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోంచి జనం ఫోన్లతో వీడియోలు తీసుకున్నారు. ముసలామె నా ఒడిలో బియ్యం పోసి, పెద్ద కుండ లోపల చెయ్యి పెట్టి తడిమి చూసింది.

"ఏడ కాల్చిన్రు?"

"కీసరల, పెద్దమ్మా."

"ఆడిదాక మోసినవా?"

"మోసిన."

ఆమె కుండను తనే నెత్తి మీద పెట్టించుకుంది. కోడళ్లు తామెత్తుకుంటామన్నా ఇవ్వలేదు.

అప్పటి నుంచి కీసరలోనే కాలుస్తున్నాం. సంఘం పెద్దాయన కనిపించినప్పుడల్లా "దూరం కాదామ్మా?" అని అడుగుతాడు. దూరమే అని చెప్తాను. ఆ బీడు కూడా ఎన్నాళ్లుంటుందో తెలియదు. అన్నోజిగూడ వైపు లాగే అక్కడా పొలాల్లో ప్లాట్ల జెండాలు పాతుతున్నారు. ఒకరోజు ఆ మాటే ఎత్తితే మా ఆయన తల కూడా ఎత్తకుండా, "పోతే ఇంక జర అవుతల చూద్దాం," అన్నాడు. పోయిన వారం ఆ బీడులోనే ఇద్దరం ఇటుకలు దించుకున్నాం. గాలి మళ్లే వైపు నడుమెత్తు గోడ కట్టాలి. పునాది తీశాం. వానలు పడేలోపు గోడ లేవాలి.