గంగారాం తీయించిన మీటర్

"గంగారాం కాక పోయిండు మామా."

నిన్న పొద్దున నాగావ్‌లో మా ఇంట్లో పేపర్ చదువుతుంటే అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. హార్ట్ ఎటాక్.

మొదట నమ్మలేదు. గంగారాం గురించి ఏది విన్నా నమ్మడం మానేసి చాలా కాలమైంది.

తర్వాత పేపర్ మడిచి పక్కన పెట్టాను.

ముప్పై ఏళ్లు నా పవర్‌లూమ్ షెడ్డూ వాడి షెడ్డూ పక్కపక్కనే నడిచాయి. రెండింటికీ ఒకటే కరెంట్ మీటర్, వాడి పేరు మీద. బతకడానికి ఇక్కడికి వచ్చిన మన నేతవాళ్లు చాలామంది అట్లాగే నడుపుకుంటారు. తమ్ముడిలాంటి వాడిని కాగితం ఎవరు అడుగుతారు?

నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూప్‌లో "స్వదేశీ వీరుడు" అని వాడి ఫోటోలు పెడుతున్నారు. పెట్టండి. నేను మాత్రం జరిగింది రాస్తాను.

గోదాముల కోసం ఆ విదేశీ కంపెనీ మన షెడ్లు కొనడానికి వచ్చినప్పుడు మీటింగ్ పెట్టాం. స్పీచ్ నేను రాశాను, గంగారాం చదివాడు.

"పరాయి కంపెనీకి గజం జాగ గూడ ఇయ్యం!"

మైక్ పట్టుకుని వాడు ఏడిస్తే, నా మాటలే అయినా నేనూ ఏడ్చాను.

ఏ దేశంలోకైనా కంపెనీ తలుపు బద్దలుకొట్టి రాదు, లోపలివాడే గడియ తీస్తాడని ఎన్ని పుస్తకాల్లో చదివానో! పక్క షెడ్డు వైపు మాత్రం చూడలేదు.

నెల తిరక్కుండానే ఒక పొద్దున నా ఎనిమిది మరమగ్గాలు, మా మాటలో సాంచాలు, ఒక్కసారి ఆగిపోయాయి. కరెంట్ పోయిందనుకున్నాను. కానీ గల్లీలో మిగతా సాంచాలన్నీ టకటక నడుస్తూనే ఉన్నాయి.

బయటికి వచ్చి చూస్తే, మీటర్ ఉండాల్సిన చోట నాలుగు మేకులు.

వాడి ఇంటికి పరిగెత్తాను.

"ఆ కంపెనీకే షెడ్డు అమ్మిన అన్నా. మీటర్ తీయించిన."

"మరి నా సాంచాలు ఎట్ల నడుస్తయి రా?"

"నువ్వు గూడ అమ్మెయ్. రెండు షెడ్లు కలిపి ఇప్పిస్తనని ఆళ్లకు మాటిచ్చిన."

"మైక్ పట్టుకొని ఏడ్చింది ఎవడు రా?"

"గది నువ్వు రాసిందే గదన్నా!" అని నవ్వాడు.

కొత్త కనెక్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి నేనూ అదే కంపెనీకి సంతకం పెట్టాను. సాంచాలను పాత ఇనుము కొనే భంగార్‌వాడు విప్పి పట్టుకుపోయాడు.

ఇవాళ వీరుడని రాస్తున్నవాళ్లలో ఇద్దరు తమ షెడ్లను నాకంటే ముందే ఆ కంపెనీకి రాసిచ్చారు. పేర్లు రాయను. వాళ్లకు తెలుసు.

ఆరేళ్లు "తప్పైందన్నా" అనే ఒక్క మాట కోసం చూశాను. వాడుండే అంజూర్ ఫాటా నుంచి నా ఇల్లు ఎంత దూరమని?

నిన్న నేనే వెళ్లాను. ఐస్ బాక్స్ పక్కన కూర్చున్న వాడి భార్య నా చెయ్యి పట్టుకుంది.

"నీ దగ్గరికి వస్తనని రెండుసార్లు ఆటో ఎక్కిండన్నా. రెండుసార్లు నడుమనే దిగి ఇంటికొచ్చిండు."

నువ్వు రావాల్సింది, గంగారాం. క్షమించేవాణ్ణని చెప్పను. నోరారా తిట్టేవాణ్ణి. ఆ తర్వాత అన్నం పెట్టేవాణ్ణి.

పోయిరా తమ్మీ. నా కోపం నా దగ్గరే ఉంటుంది. నీ ఆత్మ మాత్రం నెమ్మదిగా ఉండాలి.